ఎడమ మొహం, కుడి ఒళ్లు

ఇన్‌స్పెక్టర్ స్లావీ గుండుసూదిని ఖైదీ కుడి తొడలో దించి, వెనక్కి తిరిగి నవ్వాడు.

"చూశావా, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ఇటు చూడు."

అదే సూదితో ఎడమ తొడ మీద పొడిచాడు. ఖైదీ చటుక్కున కాలు లాక్కున్నాడు. ఆ తర్వాత సూది మొహం మీదికి వెళ్లింది. కుడి బుగ్గ మీద గుచ్చితే ఖైదీ అబ్బా అన్నాడు. ఎడమ బుగ్గ మీద గుచ్చితే ఊరకే చూస్తూ కూర్చున్నాడు.

"మొహంలో ఎడమవైపు తెలీదట, ఒంట్లో కుడివైపు తెలీదట. నాటకం ఆడేవాడు ఏ పక్క పడిపోవాలో ముందే అనుకుని రావాలి. వీడికి ఆపాటి తెలివి కూడా లేదు. పక్షవాతం మెడ దగ్గర పక్క మారుతుందా ఎక్కడైనా, కాంపౌండరూ?"

కాంపౌండరు అన్నది గుమ్మంలో నిలబడ్డ బూష్తాని. ఫ్రెంచివాళ్లు మొరాకోలో ఉన్న రోజుల్లో అతను ఒక సైనికాసుపత్రిలో నరాల డాక్టరు వెనకాల ఆరేళ్లు సూదీ సుత్తీ మోశాడు. వాళ్లతోపాటే ఆ డాక్టరూ ఓడెక్కాడు. సూదీ సుత్తీ మాత్రం బూష్తా దగ్గరే ఉండిపోయాయి. ఎనిమిదేళ్లుగా అతను ఫెజ్ నగరంలో ప్రైవేటు డిటెక్టివ్. ఊళ్లో నూటికి తొంభైమంది మూర్ఖులనీ, మిగతా పదిమంది పోలీసుల్లో చేరి అదే పనికి జీతం పుచ్చుకుంటారనీ అతని గట్టి నమ్మకం. స్లావీని చూసినప్పుడల్లా ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడేది.

శుక్రవారం ఉదయం ఎనిమిదీ నలభై అయింది. అంతకు ముందురోజు చెప్పుల సంతలో పెద్ద వ్యాపారి హాజీ మఫద్దల్‌ని ఎవరో అతని కొట్లోనే, తోలు కోసే కత్తితో మూడు పోట్లు పొడిచి చంపారు. పదకొండూ పదికి టీ తెచ్చినవాడు హాజీని ప్రాణాలతో చూశాడు. పదకొండూ నలభై అయిదుకి పక్క కొట్టువాడు శవాన్ని చూశాడు. పదకొండూ యాభైకి, అక్కడికి ఇరవై అడుగుల దూరంలో, వేలం పాటగాడు కద్దూర్ సందులో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటూ దొరికాడు. నిలబెడితే ఎడమవైపుకి పడిపోయాడు. జుట్టు తడిగా ఉంది. రక్తం కడుక్కున్నాడని ఇన్‌స్పెక్టర్ అప్పటికప్పుడే తేల్చేశాడు. బుధవారం వేలంలో హాజీకీ కద్దూర్‌కీ మాటా మాటా పెరిగిందని చెప్పడానికి సంతంతా సిద్ధంగా ఉంది.

పదిన్నర నించీ తాను దానిమ్మ హమామ్ అనే స్నానాల ఇంట్లో ఒళ్లు రుద్దించుకుంటున్నానని కద్దూర్ చెప్పుకున్నాడు. అక్కడ ఒళ్లు రుద్దే అల్లాల్ మాత్రం అతను రానే లేదన్నాడు. పైగా పదకొండుకే హమామ్ గుమ్మానికి గుడ్డ వేలాడుతూ ఉండగా చూశామని ముగ్గురు దుకాణదారులు ప్రమాణం చేశారు. గుడ్డ వేలాడిందంటే లోపల ఆడవాళ్లున్నారని లెక్క. ఆ గుడ్డ దాటి ఏ మగవాడూ లోపలికి పోడు. ఆ గుమ్మం ముందు నిలబడడు, ఆ సందులో అవసరం లేకుండా నడవడు. కనక కద్దూర్ అబద్ధాలకోరు. పన్నెండు గంటలకి కాగితాలు ప్రాసిక్యూటర్‌కి పోతాయి, కద్దూర్ జైలుకి పోతాడు. ఆపైన తుపాకుల ముందుకి.

కద్దూర్ పెళ్లాం రఖియా తెల్లారీ తెల్లారగానే తమ్ముడు హమ్మాద్‌ని బూష్తా ఇంటికి తరిమింది. ఆ హమ్మాద్ ఇప్పుడు బూష్తా వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హాజీ కొట్లో మూటలు మోసే మనిషి. ముప్ఫయ్యేళ్లుంటాయి. మీసం తప్ప మొహంలో గుర్తుండేది ఏదీ లేదు. దారిలో అతను ఏదో చెప్పబోతే బూష్తా చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. మూటలు మోసేవాళ్ల అభిప్రాయాలు వినడానికి తాను ఈ వృత్తిలోకి రాలేదని అతని ఉద్దేశం.

బూష్తా ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి సూది తీసుకుని, దాని మొన తుడిచి, తిరిగి ఆయన కోటుకే గుచ్చాడు. తర్వాత ఖైదీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

కద్దూర్ ఎడమ కనురెప్ప సగం వాలిపోయి ఉంది. ఆ కంటిపాప కుడి కంటిపాపలో సగం కూడా లేదు. గదిలో ఉక్కగా ఉంది. కద్దూర్ కుడి నుదుటి మీద చెమట బొట్లు నిలిచాయి, ఎడమ నుదురు పొడిగా ఉంది. నిమిషానికోసారి ఎక్కిళ్లు వస్తున్నాయి. పేరేమిటని అడిగితే, సంత ఈ చివర అరిస్తే ఆ చివర వినపడే మనిషి, బొంగురు గొంతుతో గుసగుసలాడాడు. నోరు తెరవమంటే తెరిచాడు. కొండనాలుక కుడివైపుకి లాక్కుపోయి ఉంది. రెండు చేతులతో తన వేళ్లు నొక్కమంటే బలంగానే నొక్కాడు. ఎడమ చేతి వేలితో ముక్కు ముట్టుకోమంటే చెవి దగ్గర తడుముకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పుదీనా టీ పొగలు కక్కుతోంది. బూష్తా అడక్కుండానే ఆ గ్లాసు తీసి కద్దూర్ కుడి చేతిలో పెట్టాడు. కద్దూర్ తాపీగా పట్టుకున్నాడు. ఇరవై లెక్కపెట్టాక బూష్తా గ్లాసుని అతని ఎడమ చేతిలోకి మార్చాడు. కద్దూర్ కెవ్వుమని వదిలేశాడు. టీ అంతా ఇన్‌స్పెక్టర్ బూట్ల మీద పడింది.

"పక్క మారుతుంది ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు బూష్తా. "మీరు చదవలేదు గానీ, మారుతుంది. మెదడు కింద, మెడ మొదట్లో, బొటనవేలంత కాడ ఉంటుంది. ఒంటి నించి వచ్చే నొప్పీ వేడీ ఆ కాడకి చేరేలోపే పక్క మారిపోతాయి. మొహానివి తిన్నగా అదే పక్కన దిగుతాయి. ఆ కాడలో ఎడమవైపు వేలిగోరంత మేర రక్తం అందలేదనుకోండి, ఎడమ మొహం, కుడి ఒళ్లు మొద్దుబారతాయి. బలం పోదు. ముట్టుకుంటే తెలుస్తుంది. నొప్పీ వేడీ మాత్రం తెలీవు. రెప్ప వాలుతుంది, గొంతు పోతుంది, నిలబడితే ఎడమకి పడతాడు. దీనికి వాలెన్‌బెర్గ్ అనే జర్మన్ డాక్టరు పేరు పెట్టారు. ఆరేళ్లలో నేను ఇద్దర్నే చూశాను. చెప్పులు వేలం వేసేవాడు ఇదంతా ఎక్కడ చదివి నటిస్తున్నాడంటారు? కంటిపాపని చిన్నది చేసి చూపించండి, నేను ఇంటికెళ్లిపోతాను."

స్లావీ మొహం మాడ్చుకుని బూట్లు దులుపుకున్నాడు. కానీ అతను బూష్తా అనుకున్నంత మొద్దు కాదు. జబ్బు నిజమే అనుకుందాం, హాజీని పొడిచాకే వచ్చిందేమో, చంపినవాడికి పక్షవాతం రాకూడదని ఆ జర్మనువాడు ఎక్కడైనా రాశాడా అని అడిగాడు.

బూష్తా కద్దూర్ చొక్కా పైకెత్తాడు. కుడి తుంటి మీద చర్మం అరచేయంత మేర ఎర్రగా కమిలి, బొబ్బలెక్కి ఉంది. దాని మధ్యలో బెత్తెడు పొడుగున ఒక నల్లటి పట్టీ, రెండు చివర్లూ లోపలికి వంగి ఉన్నాయి. ఎప్పుడు కాలిందని అడిగితే కద్దూర్‌కి అర్థం కాలేదు. తన ఒళ్లు కాలిందన్న సంగతే అతనికి తెలీదు. నిన్నటి నించీ ఠాణాలో ఇంతమంది పోలీసులు అతన్ని ఎత్తారు, దించారు, కొట్టారు, ఒక్కడూ చూడలేదు. బూష్తా జేబులోంచి పల్చటి కాగితం తీసి గాయం మీద ఆనీ ఆనకుండా పట్టుకుని, పెన్సిలుతో దాని ఆకారం గీసుకున్నాడు.

"మామూలు మనిషి నిప్పు మీద ఇలా కూర్చోడు, అర నిమిషంలో లేచి గెంతుతాడు. ఇంత లోతుగా కాలాలంటే చాలాసేపు కూర్చుని ఉండాలి. అంటే అప్పటికే ఒళ్లు మొద్దుబారింది. పదకొండూ పది తర్వాత హాజీని పొడిచి, ఆపైన జబ్బు తెచ్చుకుని, ఎక్కడో కూర్చుని తీరిగ్గా తుంటి కాల్చుకుని, యాభై అయ్యేసరికి మీ కోసం సందులోకి వచ్చి నిలబడ్డాడా?"

"ఎక్కడ కాలింది?"

"అది చూపిస్తే ఆసుపత్రికి పంపే కాగితం మీద సంతకం పెడతారా?"

పన్నెండు లోపల చూపిస్తే పెడతానన్నాడు స్లావీ. చూపించలేకపోతే బూష్తా మళ్లీ ఈ ఠాణా మెట్టెక్కకూడదని కూడా అన్నాడు. అంతలో జవాను ఖైదీకి గిన్నెలో హరీరా సూపు తెచ్చాడు. బూష్తా లేచి, ఆ గిన్నె అందుకుని, కిటికీలోంచి బయట పారబోశాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఇన్‌స్పెక్టర్ ఎదురుగా ఉన్నాడు, పాఠం చెప్పే అవకాశం వచ్చింది, బూష్తాకి నోరు ఆగలేదు. కద్దూర్ గొంతులో ఎడమ సగం చచ్చిపోయి ఉందనీ, మింగింది కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ చెప్పాడు.

"దగ్గు కూడా సరిగా రాదు. వీణ్ణి చంపడానికి తుపాకులెందుకు? ఒక్క గ్లాసు నీళ్లు చాలు. రేపు ఏ డాక్టరొచ్చినా జబ్బుతో పోయాడనే రాస్తాడు. మీ ఠాణాలో ఆ పని చెయ్యకుండా ఉండగలిగిన తెలివైనవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

తన జవాన్లు ఆయాలు కారన్నాడు స్లావీ. అయితే ఇంటి మనిషి కూర్చుంటాడన్నాడు బూష్తా. తలైనా తిప్పకుండా, వేలు మాత్రం వెనక్కి చూపించి, బావ దగ్గర కూర్చో, నేను వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు అని చెప్పాడు. అలాగే సీ బూష్తా, అని పేరుకి ముందు మర్యాద చేర్చి అన్నాడు హమ్మాద్.

దానిమ్మ హమామ్ హాజీ కొట్టున్న సందులోనే, కొట్టుకి ఎదురు వరసలో నలభై అడుగుల దూరంలో ఉంది. బూష్తా, స్లావీ చేరేసరికి తొమ్మిదీ యాభై అయింది. శుక్రవారం కావడంతో నమాజుకి ముందు స్నానం చేసేవాళ్లతో లోపల కిటకిటలాడుతోంది. ఇన్‌స్పెక్టర్ అందర్నీ బయటికి పొమ్మన్నాడు. సబ్బు నురగతోనే తువ్వాళ్లు చుట్టుకుని వాళ్లు ముందు గదిలో గోడవారగా కూర్చుని, పోలీసుల పుట్టుపూర్వోత్తరాల గురించి గొణుక్కున్నారు.

బూష్తా లోపలికి పోకుండా గుమ్మం దగ్గరే ఆగాడు. లోపలివైపు మేకుకి ఎర్ర చారల గుడ్డ మడతపెట్టి తగిలించి ఉంది. అందుబాటులోనే ఉంది, దారినపోయే ఎవడైనా చెయ్యి చాపి తీసి గుమ్మానికి కట్టెయ్యచ్చు.

గుడ్డ కట్టేది పన్నెండుకి ఆడవాళ్ల వేళ మొదలయ్యేటప్పుడు వచ్చే తామూ అనే ముసలామె. ఆమె ఇల్లు ఎదురు మేడ మీదే. బూష్తా కింద నిలబడే అడిగాడు, ఆమె కిటికీ సందులోంచే చెప్పింది. గురువారం తాను వచ్చింది పన్నెండుకి అయిదు నిమిషాల ముందు. అప్పటికే గుడ్డ కట్టి ఉంది. బుధవారం రాత్రి తానే విప్పడం మరిచిపోయానేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు. తనకన్నా ముందు ఒక్క ఆడమనిషి కూడా స్నానానికి రాలేదు, ఆడవాళ్ల బట్టల అరల తాళాల గుత్తి తన నడుముకే ఉంది.

బూష్తా స్లావీ వైపు తిరిగాడు. "మీ ముగ్గురు సాక్షులూ చూసింది గుడ్డముక్కని. ఆడవాళ్లని కాదు."

"గుడ్డ ఉంటే ఆడవాళ్లున్నట్టే కదా."

"అవును, ఊళ్లో ప్రతి మగవాడూ అలాగే అనుకుంటాడు. అనుకుని తల దించుకుని వెనక్కి పోతాడు. అందుకే కట్టాడు. గంట ముందు కట్టి సందంతా ఖాళీ చేయించాడు. గుడ్డ వెనకాల ఎవరున్నారని పెద్దమనిషి అన్నవాడు అడగడు. మీరూ అడగలేదు. మీకు పెద్దమనిషితనం ఎప్పణ్ణించి మొదలైందో నాకు తెలీదు."

స్లావీకి అరికాలి మంట నెత్తికెక్కింది. బూట్లు విప్పి, పంట్లాం మోకాళ్ల దాకా మడిచి ముందుకి నడిచాడు.

మూడో గది అన్నిటికన్నా వేడి గది. దాని చివర గోడ అవతల పొయ్యి ఉంది. ఆ గోడవార రాతి పలక మీద ఫెజ్‌లో పుట్టినవాడెవడూ కూర్చోడు. తండ్రి చెయ్యి పట్టుకుని మొదటిసారి వచ్చిన రోజునే అక్కడ కూర్చోకూడదని నేర్చుకుంటారు. ఆ పలక ఎప్పుడో పగిలితే, రెండు ముక్కల్నీ కలిపి ఒక ఇనుప బద్ద దిగగొట్టారు. బూష్తా కాగితం తీసి, తిరగేసి దాని మీద పరిచాడు. పొడుగు సరిపోయింది. రెండు వంపులూ సరిపోయాయి. ఎడమ చివర బద్ద కొంచెం విరిగి ఉంది, కాగితం మీద గీతా అక్కడే విరిగింది.

అది ఒట్టి గోరువెచ్చటి రాయి, దానికి తోలు కాలదు అంటూ స్లావీ బద్ద మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించిన చెయ్యి అంతకన్నా వేగంగా వెనక్కి వచ్చింది.

"మీకు తెలిసింది కాబట్టి తీశారు," అన్నాడు బూష్తా. "అతనికి తెలీలేదు."

ఒళ్లు రుద్దే అల్లాల్ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఎద్దులాంటి మనిషి, యాభై దాటాయి. బూష్తా ఆ కాగితం అతని మొహం ముందు పెట్టాడు. గురువారం కద్దూర్ రాలేదని దేవుడి మీద ప్రమాణం చేశావట, ఈ రాయి కద్దూర్ ఇంటికి నడిచి వెళ్లిందా అని అడిగాడు. అప్పుడు బూష్తా గొంతు తగ్గించి, మెడ ఎటు తిప్పావని అడిగాడు.

ఆ ప్రశ్నకి అల్లాల్ అక్కడే కూలబడ్డాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చున్నాడు.

రుద్దడం పూర్తయ్యాక, అందరికీ చేసినట్టే, కద్దూర్ గడ్డం పట్టుకుని మెడని కుడికోసారి, ఎడమకోసారి విరిచానని చెప్పాడు. ముప్ఫయ్యేళ్లుగా రోజుకి ఇరవై మెడలు విరుస్తున్నాడు. మెటిక విరగకపోతే స్నానం స్నానమే కాదని జనమే గొడవపెడతారు. ఈసారి ఎడమవైపు చప్పుడు మరోలా వచ్చింది. మెడ వెనక మేకు దిగినట్టుందన్నాడు కద్దూర్. అప్పుడు పదకొండుకి పది నిమిషాలు తక్కువ. కాసేపటికి గది తిరుగుతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు, గోడకి జారిపోయాడు.

మెడ ఎముకల బెజ్జాల్లోంచి ఒక రక్తనాళం పైకి పోతుందనీ, అది లోపల చీలితే జరిగేది ఇదేననీ బూష్తా స్లావీకి చెప్పాడు. ఈసారి అతని మాటలో ఎగతాళి లేదు. వేల మెడల్లో ఒకదానికి అలా అవుతుంది. అల్లాల్ చేసింది హత్య కాదు. ముప్ఫయ్యేళ్ల అలవాటు చేసిన పొరపాటు.

"ఈ చేతులతో మనిషిని చంపేశాననుకున్నాను సీ బూష్తా," అన్నాడు అల్లాల్. "మనిషి రాతి మీద కాలిపోతున్నాడు, కిమ్మనడం లేదు. ఇంక పోయినట్టే అనుకున్నాను. ఎవర్నైనా పిలుద్దామని గుమ్మం దాకా వెళ్తే గుడ్డ కట్టి ఉంది. ఆడవాళ్లొచ్చే వేళకి లోపల ఇద్దరు మగాళ్లం దొరికితే నన్ను బతకనిస్తారా? వెనక్కొచ్చి వాడి పక్కనే కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచలేదు."

"పొయ్యి గది తలుపులోంచి సందులోకి ఎప్పుడు ఈడ్చావు?"

"పావు తక్కువ పన్నెండుకి. వాడికి బట్టలు తొడిగి, గోడకి ఆనించి పారిపోయాను."

"పదకొండు నించి అప్పటిదాకా ఎవరూ రాలేదా?"

వచ్చారన్నాడు అల్లాల్. పదకొండున్నరకి ముందు గదిలో అడుగుల చప్పుడైంది. ఆడవాళ్లు వచ్చేశారనుకుని బకెట్ల చాటున నక్కాడు. కాళ్లదాకా దిగే నల్ల జెల్లాబా అంగీ, మొహానికి ముసుగు, ఒక్కతే వచ్చింది. చిన్న తొట్టి దగ్గర వంగి చేతులు కడుక్కుంది. తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయి. మొహం కడుక్కోవడానికి ముసుగు తీసింది.

"ముసుగు కింద మీసం ఉంది," అన్నాడు అల్లాల్.

స్లావీ ఒక్క అడుగు ముందుకి వేశాడు. గుడ్డ కట్టిన సందులో ముసుగు వేసుకుని నడిచే మనిషి మొహంలోకి ఈ ఊళ్లో ఏ మగవాడూ చూడడని బూష్తాకి అప్పుడు తట్టింది. ఎంత మామూలు ఉపాయమో తలుచుకుంటే ఒళ్లు మండింది. పేరు చెప్పమన్నాడు.

"ఆ మెడ నాకు వారం వారం తెలిసిందే. చెబితే నమ్ముతారా? నన్నే పట్టుకుపోతారని చెప్పలేదు. కద్దూర్ బావమరిది. రఖియా తమ్ముడు హమ్మాద్."

బూష్తా చెప్పులు వేసుకోకుండానే బయటికి పరిగెత్తాడు. వెనకాల స్లావీ బూట్లు చేత్తో పట్టుకుని వస్తున్నాడు. ముందు గదిలో తువ్వాళ్లు చుట్టుకున్న జనం నోళ్లు తెరిచి చూశారు. పదీ నలభై. ఠాణా వదిలి గంటా పది నిమిషాలైంది.

ఎగువకి ఎక్కే సందుల్లో గాడిదల్నీ తోలు మూటల్నీ తప్పించుకుంటూ పరిగెడుతుంటే బూష్తాకి తన తప్పు స్పష్టంగా కనిపించింది. హమ్మాద్‌ని అతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గురువారం పొద్దున ఎక్కడున్నావని కూడా అడగలేదు. హాజీ కొట్లో పనిచేసే మనిషి, ఆ కత్తి ఎక్కడ పెడతారో తెలిసిన మనిషి. పొద్దున్నించీ పక్కనే నిలబడి ఉంటే గోడని చూసినట్టు చూశాడు. పైగా చంపే పద్ధతి తానే విడమరిచి చెప్పి, ఖైదీని తానే ఒప్పజెప్పి వచ్చాడు. సిగ్గుతో అతని చెవులు కాలాయి.

స్లావీ రొప్పుతూ పక్కకి వచ్చాడు. పరిగెడుతూనే ఒక సంగతి చెప్పాడు, చెప్పేటప్పుడు బూష్తా వైపు చూడలేదు. నిన్న సాయంత్రం హమ్మాద్ తన దగ్గరికి వచ్చాడట. అక్క పోరు పెడుతోంది, ఎవరో ఒక డిటెక్టివ్‌ని పెట్టకపోతే ఊరుకోదు, మీ పనికి అడ్డం రానివాణ్ణి ఎవరినైనా చెప్పండి అని అడిగాడట.

"నీ పేరు చెప్పింది నేనే," అన్నాడు స్లావీ. "చెప్పి నవ్వుకున్నాను."

బూష్తా పరుగు పెంచాడు.

ఠాణా మెట్ల మీద జవాను సెల్యూట్ కొట్టి, లోపలికి ఎవర్నీ పోనివ్వలేదు సార్, ఆ ఇంటి మనిషొక్కడే ఉన్నాడు అని చెప్పాడు. స్లావీ వాణ్ణి పక్కకి తోసి తలుపు తన్నాడు.

కద్దూర్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. హమ్మాద్ అతని తలని ఒళ్లో పెట్టుకుని, చొక్కా చేతితో మూతి తుడుస్తున్నాడు. కద్దూర్ పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ లేచినప్పుడల్లా లోపల నీళ్లు గురగురమంటున్నాయి. పక్కనే నేల మీద గ్లాసు ఖాళీగా ఉంది.

బూష్తా కద్దూర్ భుజం పట్టి పక్కకి తిప్పి, నోట్లో వేళ్లు పెట్టి, వీపు మీద చరిచాడు. నీళ్లు వచ్చాయి. మళ్లీ చరిచాడు. మళ్లీ నీళ్లే వచ్చాయి. స్లావీ వరండాలోకి పోయి అంబులెన్సు కోసం ఫోన్లో అరుస్తున్నాడు. జవాను హమ్మాద్ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. అతను పెనుగులాడలేదు. పొద్దున నిలబడ్డట్టే వినయంగా నిలబడ్డాడు.

ఎందుకురా, మీ అక్క మొగుడు కదా అన్నాడు బూష్తా, చరుస్తూనే. అతను హమ్మాద్ మొహంలోకి తిన్నగా చూడడం అదే మొదటిసారి.

"హాజీ పదేళ్లు నన్ను సంత మధ్యలో గాడిదా అని పిలిచాడు. మా బావ దాన్ని వేలం పాటలో కలిపి పాడి జనాన్ని నవ్వించేవాడు. మీరు పొద్దున్నించీ అలాగైనా పిలవలేదు సీ బూష్తా." హమ్మాద్ ఖాళీ గ్లాసు వైపు చూశాడు. "కానీ మీరు చెప్పిన ప్రతి మాటా శ్రద్ధగా విన్నాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒక్క గ్లాసే పోశాను."